చదువరియు శ్రోతయు: ఆంధ్రదేశమున పత్రికా చలనచిత్ర టెలివిజనుల చరిత్రమందలి యొక విచారము

1990వ దశకము తొలియేండ్లలో నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామమున స్త్రీలు కూడి సారాయి దుకాణమును మూయించిరి. 1992లో నది యూరూరను వ్యాపించి గొప్ప యుద్యమమయ్యెను. 1993 ఏప్రిలు 15వ తేది నుండి నెల్లూరు జిల్లాయందును, అక్టోబరు 1వ తేది నుండి అప్పటి యాంధ్రప్రదేశమంతటను సారాయి యమ్మకము నిషేధింపఁబడెను. దీనికి మూలమేది యని యడుగఁగా మూఁడు సమాధానములు వినవచ్చుచున్నవి: పత్రిక యని కొందఱు, అక్షరాస్యతా కార్యక్రమమున నుపయోగించిన వాచకమని కొందఱు, ఆ స్త్రీలే యని కొందఱు. చూపునకు స్వల్పమైన వివాదము. కాని దీనిని దీర్పఁబూనినవారు తెలుఁగు పత్రికల చరిత్రమును, చలనచిత్రముల చరిత్రమును, టెలివిజను చరిత్రమును మఱల నొకసారి పరిశీలింపక తప్పదు. పాశ్చాత్యులు నిర్మించిన ప్రచారసాధన సిద్ధాంతము లాంధ్రదేశమున నెంతవఱకు నిలుచునో యదియు నందుచేతనే తేలఁగలదు.

ఆ సిద్ధాంతముల పుట్టుక మిక్కిలి ప్రాచీనము గాదు. అమెరికాదేశపు పత్రికారచయిత వాల్టరు లిప్మను 1922లో నొక గ్రంథమును బ్రకటించి, ప్రజలు లోకమును స్వయముగాఁ జూచి గాక తమ మనస్సులలో నేర్పడిన చిత్రములనుబట్టియే ప్రవర్తింతురనియు, ఆ చిత్రములను గల్పించుటలోఁ బత్రికకుఁ బెద్దపాలు కలదనియుఁ బ్రతిపాదించెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున ప్రభుత్వములు చేసిన ప్రచారమును జూచినవారికి, వార్త తూటావలె నేరుగా వినువాని హృదయమున నాటుననియు, వాఁడు దాని కెదురాడఁజాలఁడనియుఁ దోఁచెను. ఈ తూటామతమును లాజర్స్‌ఫెల్డను పండితుఁడు కదలించెను. 1940వ సంవత్సరపు అధ్యక్షపదవి యెన్నికకాలమున ఆయనయు సహచరులును ఒహాయో రాష్ట్రమందలి యీరీ జిల్లాలోని ఓటర్లను పలుమాఱులు ప్రశ్నించి, 1944లోఁ దమ నిర్ణయమును బ్రకటించిరి. పత్రికయు రేడియోయు జనసామాన్యమును నేరుగా మార్చుట యరుదు. ముందుగా నవి నలువురు మన్నించు కొందఱిని జేరును. వారి నోటిమాటగాఁ దక్కినవారిని జేరును. దీనికి రెండంచెల ప్రసారమని పేరు. పిమ్మట మెకూంబ్సు, షా యను నిరువురు 1968వ సంవత్సరపు ఎన్నికలో నూఱుమంది ఓటర్లను విచారించి 1972లో వేఱొక సిద్ధాంతమును వెలువరించిరి. ప్రజలు దేనిని ముఖ్యవిషయముగా నెంచవలయునో పత్రికయే నిర్ణయించునని దాని సారము. దీనిని చర్చనీయాంశనిర్ణయ సిద్ధాంత మనవచ్చును.

ఈ మతములు పరస్పరము విభేదించుచున్నను, వీనిలోఁ బెక్కింటి యడుగున నొక యూహ సమానముగాఁ గలదు. చదువరి యింటింట నుండును. పత్రికను దానే కొనును. కన్నులతోఁ జదివి మనస్సులోనే యర్థము చేసికొనును. రెండంచెలవారి శ్రోతలు సైతము తలఁచుకొన్నచోఁ దామే చదువఁగలవారు. ఆంధ్రదేశమున పత్రికాచరిత్రము ప్రారంభమైన కాలమున నట్టి చదువరు లెందఱుండిరి? 1901వ సంవత్సరపు జనగణనమునందు హిందూదేశమంతటను నూటికి నయిదుగురికి మాత్రమే చదువను వ్రాయను వచ్చును. 1991 నాఁటికిని ఆంధ్రప్రదేశమున నూటికి 44 మందియే యక్షరాస్యులు. స్త్రీలలోనో నూటికి 33 మంది. కావున తెలుఁగు పత్రిక తన జీవితకాలమునఁ జాలభాగము కంటిచేతఁ గంటె చెవిచేత గ్రహింపఁబడినది.

ఇది తెలుఁగువారికిఁ గ్రొత్త యలవాటును గాదు. గుడి మండపమునఁ బౌరాణికుఁడు పద్యమును జదివి, యర్థము చెప్పి, సందర్భమునుబట్టి నాలుగు లోకవార్తలు చేర్చి, శ్రోతలు తలయూఁపఁగా ముందునకు సాగుట యెన్ని తరములనుండియో జరుగుచున్నది. పుస్తక మొకటి, నోరొకటి, చెవులు నూఱు. పత్రిక పల్లెకు వచ్చినప్పుడు ఆ మండపమునందే, లేదా రచ్చబండమీఁదనే, యాసీనమయ్యెను. పోస్టుమాస్టరో, బడిపంతులో, కరణమో చదువువాఁడు, తక్కినవారు వినువారు. ప్రచారసాధన శాస్త్రము తెలుఁగుదేశమున మొట్టమొదట నడుగవలసిన ప్రశ్న, పత్రిక యేమి వ్రాసెనని కాదు. దాని నెవఁ డెవరికిఁ జదివి వినిపించెనని.

ఈ దృష్టితోఁ జూచిన కందుకూరి వీరేశలింగముగారి వివేకవర్ధని యొక్క స్వభావము చక్కఁగా బోధపడును. 1874లోఁ బుట్టిన యీ పత్రిక, మొదట మదరాసునఁ గొక్కొండ వేంకటరత్నముగారి ముద్రాశాలయం దచ్చుపడెను. తరువాత నిరువురికిని స్పర్ధ పుట్టినది. కొక్కొండవారి హాస్యవర్ధనికిఁ బోటీగా 1876లో వివేకవర్ధనికి హాస్యసంజీవని యను ననుబంధము వెలసెను. పండితులకు హాస్యముగాఁ గనఁబడు నీ పోటీ వాస్తవమునఁ బత్రిక శ్రోతను వెదకికొనిన ఘట్టము. మొదటఁ బ్రౌఢశైలిని వ్రాసిన వీరేశలింగముగారు క్రమముగాఁ దేలికభాషకు దిగిరి. బాల్యవివాహమును, కన్యాశుల్కమును, వృద్ధుల పెండ్లిండ్లను బరిహసించు బ్రహ్మవివాహమను ప్రహసనమును బత్రికయందే ప్రకటించిరి. అది జనుల నోట పెద్దయ్యగారి పెళ్లి యని ప్రసిద్ధికెక్కినది. ప్రహసన మనఁగా సంభాషణము. సంభాషణము పైకిఁ జదువుటకే యనుకూలించును. ఒకఁడు పెద్దయ్యగారి మాటను, వేఱొకఁడు మఱియొకని మాటను జదువవచ్చును. సంపాదకీయముకంటె నాటకమే దూరము పోవునని వీరేశలింగముగా రెఱుఁగుదురు. రాజమహేంద్రవరమున న్యాయస్థానముల లంచగొండితనమును గూర్చి వివేకవర్ధని వ్రాసినప్పు డధికారులు భయపడినది ప్రతుల సంఖ్యకుఁ గాదు, ఆ వ్రాఁత వీథిలో మాటయై తిరుగునని.

1983లో బెనెడిక్టు ఆండర్సను ప్రకటించిన సిద్ధాంతమును దెలుఁగువారి కన్వయించుట నేఁడు విద్యాలయములందు సాధారణమైనది. ఒకే యుదయమున వేలకొలఁది జనులు ఒకే పత్రికను దెఱచుటచేత, ఒకరినొకరు చూడనివారు సయితము తామొక జాతియని భావింతురని యాయన మతము. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి యాంధ్రపత్రిక యీ మతమునకుఁ గొంత యనుకూలముగా నున్నది. అది 1908లో వారపత్రికగాఁ బుట్టినది తెలుఁగునాట గాదు, బొంబాయిలో. దూరనగరమున నున్న తెలుఁగువారికిఁ దమ దేశము పత్రికలోనే కనఁబడెను. దానిని నిలిపిన ధనము 1893లో నదే నగరమున నారంభమైన యమృతాంజన వ్యాపారమునుండి వచ్చినది. తలనొప్పిమందు భాషాభిమానమును బోషించుట ప్రపంచ పత్రికాచరిత్రమున వింతలలో నొకటి. 1913లో బాపట్లయం దాంధ్రమహాసభ తొలి సమావేశము జరిగెను. మఱుసటి యేఁడు ఏప్రిలు 1వ తేదిని ఆంధ్రపత్రిక మదరాసునుండి దినపత్రికగా వెలువడఁ జొచ్చెను. రాష్ట్రభావమును, దినపత్రికయు నించుమించుగా నొకేసారి తలయెత్తినవి.

అయినను ఆండర్సనుమతమునకుఁ బ్రాణమైన యేకకాలత యిచట లోపించినది. మదరాసునఁ బ్రొద్దున నచ్చుపడిన పత్రిక రైలుమీఁదను, బండిమీఁదను, నడకమీఁదను బోయి లోపలి గ్రామమును జేరునప్పటికి నది యే దినపు వార్తయో చెప్పుట కష్టము. పల్లెలో జనులను గలిపినది ఒకే గడియయందలి పఠనము గాదు. ఒకే చోటి శ్రవణము. ఆ చోటు గ్రంథాలయము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము స్థాపింపఁబడెను. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికచే విజయవాడయందు గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగెను. 1935లోఁ బాతూరి నాగభూషణముగారు కాలువమీఁదఁ బడవలో గ్రంథాలయమును నడపిరి. నిజాము రాజ్యమున 1926 మే 10వ తేదినిఁ బుట్టిన గోలకొండపత్రికకు సైతము ఈ పఠనాలయములే యాశ్రయములు. తెలంగాణమునఁ గవులు లేరన్న యాక్షేపమునకు సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను బ్రకటించి బదులిచ్చిరి. ఆ సంచికకుఁ గావలసిన కవులు ఊరూరఁ దెలియవచ్చుట, ఆ పత్రికను జదివి వినిపించువా రూరూర నుండుటచేతనే సాధ్యమయ్యెను.

ఈ యంశమున లాజర్స్‌ఫెల్డు రెండంచెలమతము తెలుఁగుదేశమునకుఁ దక్కినవానికంటె దగ్గఱగా వచ్చును. కాని యొక సవరణము గావలెను. ఈరీజిల్లాలో మాటచెల్లువాఁడు తన సాటివారిలో నొకఁడు. అతని మాట నచ్చనిచో వినువాఁడు పత్రికనే తెఱచి చూచుకొనవచ్చును. తెలుఁగుపల్లెలోఁ జదువువాఁ డొక్కఁడే ద్వారము. కరణము తనకు గిట్టని వార్తను మ్రింగినచో నూరికి నది పుట్టనట్లే. రచ్చబండమీఁద నెవరు కూర్చుందురు, ఎవరు దూరమున నిలుతురు, ఎవరు రానేరారు అనునది కులముచేత నిర్ణీతము; ఆఁడువారు తఱచుగా గోడచాటున నుండి వినవలసినవారే. సిద్ధాంతము చదువువానికి నాయకుఁడని పేరు పెట్టినది. చరిత్రకారుఁడు వాని కులమును, వృత్తిని, వానికి భూమి యెంత గలదో దానిని గూడ నడుగవలెను.

చలనచిత్రము మొదట మూగది. అయినను దెలుఁగువారికి నది మూగగా నెన్నఁడు నుండలేదు. తెరప్రక్క నొకఁడు నిలిచి, కథను దెలుఁగునఁ జెప్పుచు, పాత్రల మాటలను దానే పలుకుచు నడపెడివాఁడు. పౌరాణికుఁడే చీఁకటిశాలలోఁ బ్రవేశించెనని చెప్పనగును. మాటాడు చిత్రము వచ్చి వాని నుద్యోగమునుండి తొలఁగించెను. తొలి తెలుఁగు మాటాడు చిత్రమైన హెచ్. ఎం. రెడ్డిగారి భక్తప్రహ్లాద తేదిని గూర్చి యిచటఁ గొంత చెప్పవలసియున్నది. అది 1931 సెప్టెంబరు 15వ తేదిని విడుదలయ్యెనని చిరకాలము జనులు నమ్మిరి. ఉత్సవములును ఆ దినముననే జరిపిరి. పిమ్మట పాత్రికేయుఁడు రెంటాల జయదేవ నాఁటి పత్రికాప్రకటనలను, సెన్సారు లెక్కలను బరిశీలించి, ఆ చిత్రమునకు 1932 జనవరి 22వ తేదిని ధ్రువపత్రము లభించెననియు, ఫిబ్రవరి 6వ తేదిని బొంబాయిలోఁ బ్రదర్శితమయ్యెననియు నిరూపించెను. జ్ఞాపకము తప్పినచోటఁ బత్రిక నిలిచినది. తేది విషయమునఁ బత్రిక యంతటి సాక్షి వేఱొకటి లేదు. కారణము విషయమున నది యంతటి సాక్షి యగునా యన్నది దూబగుంటకడఁ దేలవలసిన మాట.

భక్తప్రహ్లాద సురభివారి నాటకమునుండి వచ్చినది. నటకులును బెక్కురు సురభివారే. కథయుఁ బద్యములును శ్రోతలకుఁ గంఠస్థములు. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు మాలపిల్లను దీసినపుడు కథయుఁ గ్రొత్తది, భాషయుఁ గ్రొత్తది. గుడిపాటి వెంకటచలముగారి కథకుఁ దాపీ ధర్మారావుగారు వ్యావహారికమున సంభాషణములు వ్రాసిరి. గ్రాంథికవాదులు పత్రికలయందును, సభలయందును నేండ్లతరబడి కాపాడుకొన్న కోట, టిక్కెట్టు కొని లోపలికి వచ్చిన జనుల యెదుట నిట్లు బీఁటవాఱెను. వ్యాకరణవాదమున గెలిచినదెవరో యిప్పటికిని జెప్పలేము గాని, తెరమీఁద వాద మా యేఁటితోనే ముగిసెను. మఱుసటి యేఁడు వచ్చిన రైతుబిడ్డ జమీందారీ దౌష్ట్యములఁ జూపుటచే జమీందారుల యభ్యంతరముమీఁదఁ బ్రభుత్వము దానిని నిషేధించెను. విచిత్రమేమనఁగా, ఆ చిత్రమును నిర్మించిన సంస్థకుఁ జల్లపల్లి జమీందారుగారి యండ గలదు. నిషేధించినవారు పండితుల గ్రంథములఁ జదివినవారు గారు. అయినను వారు నమ్మినది తూటామతమే. చిత్రమును జూచిన రైతు మఱునాఁడే పన్ను మానునని వారు తలఁచిరి.

తూటామతము మఱల 1983లో వినవచ్చెను. 1957 నాఁటి మాయాబజారునందు శ్రీకృష్ణుఁడై మెప్పించి, పెక్కు పౌరాణిక చిత్రములందు దేవుఁడైన నందమూరి తారకరామారావు, 1982 మార్చి 29వ తేదిని దెలుఁగుదేశము పార్టీని స్థాపించి, తొమ్మిది నెలలకే 294 స్థానములలో రెండువందలకుఁ బైగా గెలిచి ముఖ్యమంత్రి యయ్యెను. తెరమీఁది దేవుని నిజమైన దేవుఁడని భ్రమించి జనులు ఓట్లు వేసిరని కొందఱు వ్యాఖ్యానించిరి. చిదానంద దాస్‌గుప్తా 1991లోఁ బ్రకటించిన గ్రంథమున నిట్టి యభిప్రాయము ప్రసిద్ధమైనది. ఈ మతము తెలుఁగు ప్రేక్షకునిఁ బసివానిఁగా నెంచుచున్నది. మాధవప్రసాదు 2014లో వ్రాసిన గ్రంథమున దీనిని భక్తిగా గాక, భాషాజాతి తనకు లేని సార్వభౌమత్వమును నటునియందుఁ జూచుకొనుటగా వివరించెను. సిద్ధాంతములకంటె నెన్నికల లెక్కయే యిచట సూటిగాఁ జెప్పును. 1989లో నదే నటుఁడు, అదే ముఖముతో, కల్వకుర్తిలో నోడిపోయెను. ఆయన పార్టీయు నధికారమును గోల్పోయెను. 1994లో మఱల గెలిచెను. దేవునిఁ గొలుచు భక్తు లయిదేండ్ల కొకమాఱు దేవుని మార్చరు. 1982లో ఆయన చిత్రశాలలో నుండి జనులను బిలువలేదు. మోటారుబండిమీఁద నూరూర నిలిచి, నోటితో మాటాడెను. ఆ మాట మఱునాఁడు పత్రికలో వచ్చెను; పత్రిక మఱల నోటితోఁ జదువఁబడెను.

ఆ పత్రిక యేది యనఁగా, ప్రధానముగా ఈనాడు. 1974 ఆగస్టు 10వ తేదిని విశాఖపట్టణమున రామోజీరావు స్థాపించిన యీ దినపత్రిక, మదరాసును గాని విజయవాడను గాని కేంద్రముగాఁ గొనక, పాఠకుఁడున్న చోటనే యచ్చువేయు పద్ధతిని బూనెను. 1989లో జిల్లాల కనుబంధ పత్రికలను వేఱుగాఁ బ్రకటింప నారంభించెను. పల్లెవాఁడు తన యూరి పేరును దినపత్రికలోఁ జూచుకొన్నది అప్పుడే. రాబిన్ జెఫ్రీ యను చరిత్రకారుఁడు 2000లోఁ బ్రకటించిన భారతీయ పత్రికల చరిత్రమునందు ఈ మార్పునకుఁ బెద్దపీట వేసెను. మఱియొక మాట: ఊరి పేరు పత్రికలో వచ్చినప్పుడు దానిని గట్టిగాఁ జదువుమని కోరువారును బెరుగుదురు.

టెలివిజను కథ వేఱు. 1975 ఆగస్టు 1వ తేది నుండి 1976 జూలై 31వ తేది వఱకు, అమెరికావారి యుపగ్రహమొకటి యెరవుగాఁ గొని, భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ఆఱు రాష్ట్రములలో నించుమించుగా 2,400 గ్రామములకు దృశ్యప్రసారము నంపెను. ఆంధ్రప్రదేశ మా యాఱింటిలో నొకటి. తెలుఁగు కార్యక్రమములు హైదరాబాదున సిద్ధమయ్యెను. కోళ్లగూటికి వాడు నినుప వలతోఁ జేసిన పదియడుగుల గొడుగు, బడిలోనో పంచాయతీ కచ్చేరిలోనో యొక పెట్టె. సాయంకాల మూరంతయు నేలమీఁదఁ గూర్చుండి చూచుట. వెనుక నున్న సిద్ధాంతము విల్బరు ష్రామ్ముది: ప్రచారసాధనములు పెరిగిన దేశాభివృద్ధి పెరుగునని 1964లో ఆయన వ్రాసిన గ్రంథము నాఁటి ప్రభుత్వములకుఁ బ్రమాణము. పిమ్మట జరిగిన పరిశీలనలోఁ జదువురానివారును స్త్రీలును దక్కినవారికంటె నెక్కువ నేర్చుకొనిరని తేలెను. పత్రిక రచ్చబండమీఁద నున్నంతకాలము దూరమున నిలిచినవారే వీరు. నడుమ నోరు లేకుండ నేరుగా వినుట వారికి బహుశః అదే మొదటిసారి. ఏఁడు నిండఁగానే యుపగ్రహము మరలింపఁబడెను, తెర యారిపోయెను. 1977 అక్టోబరు 23వ తేదిని హైదరాబాదు దూరదర్శన కేంద్రము మొదలైనప్పటికిఁ టెలివిజను పట్టణపు మధ్యతరగతి యింటి వస్తువయ్యెను. 1987లో రామాయణ ధారావాహికము వచ్చినప్పుడు మఱల ఇరుగుపొరుగువా రొకయింట గుమికూడిరి; మాటలు హిందీ యైనను గథ తెలియనివారు లేరు గదా. 1995 ఆగస్టు 27వ తేదిని ఈటీవీ ప్రారంభమయ్యెను. అంతకు ముందే యా యేఁడు జెమిని వచ్చియుండెను. తరువాత నెవరింట వారే చూచుకొనఁ జొచ్చిరి.

కెనడాదేశపు మెక్లూహను 1962లోను 1964లోను వ్రాసిన గ్రంథములలో, అచ్చు మనుష్యుని నొంటరిఁ జేసెననియు, విద్యుత్సాధనములు లోకమును మఱల నొక పల్లెగాఁ గూర్చుననియుఁ జెప్పెను. తెలుఁగునాట నీ క్రమము తలక్రిందైనది. అచ్చు జనులను రచ్చబండకడకుఁ జేర్చెను. టెలివిజను కడకు వారి నిండ్లలోనికిఁ బంపెను. మెక్లూహను దోషము సాధనముయొక్క గుణమును మాత్రమే లెక్కించి, దానిని వాడుకొను సమాజమునందలి యలవాటును విడిచిపెట్టుట.

ఇఁక దూబగుంట. నెల్లూరు జిల్లాలో సంపూర్ణాక్షరాస్యతా కార్యక్రమము నడచుచుండఁగా రాత్రిబడులలోఁ జదువు నేర్చుకొను స్త్రీలకు వాచకములు పంచిపెట్టిరి. అందు సీతమ్మకథ యను పాఠమొకటి: భర్త త్రాగుడుచే నొక కూలియింటి యిల్లాలు పడిన పాట్లు. పాఠము చిన్నది, కొద్ది వాక్యములు. కాని చదివిన చోటు ముఖ్యము. అది యింటిలో నొక్కతె కూర్చుండి చదివిన పుస్తకము గాదు. దీపముచుట్టును గూడిన కూలిస్త్రీల నడుమ గట్టిగాఁ జదువఁబడి, ఇది మన కథయే యని చర్చింపఁబడినది. రచ్చబండకు రానివారికి రాత్రిబడి రచ్చబండ యయ్యెను. ఈ చోట కరణము లేఁడు. పిమ్మట వర్ధినేని రోశమ్మ మొదలైనవారు దూబగుంటయందు దుకాణమును మూయించిరి. ఆ కథయే మఱల ఆఁడవాళ్లు ఏకమైతే యను పాఠమై, తరువాతి వాచకమున నచ్చుపడి, తక్కిన గ్రామముల రాత్రిబడులకుఁ బోయెను. పాఠమునుండి చేఁత, చేఁతనుండి పాఠము, ఆ పాఠమునుండి వేఱొక యూరి చేఁత. లాజర్స్‌ఫెల్డు చెప్పినవి రెండంచెలు. ఇచట నంచెలకు లెక్కలేదు.

స్టూవర్టు హాలను బ్రిటిషు విద్వాంసుఁడు 1973లో, ప్రేక్షకులు సందేశమును మూఁడు తీరులఁ గ్రహింతురని వ్రాసెను: పంపినవాఁడు కోరినట్లు, కొంత సవరించి, లేదా పూర్తిగా నెదిరించి. సీతమ్మకథ యీ మూఁటిలో నెచటను బొందికగా నిముడదు. ఆ వాచకమును బంచినది ప్రభుత్వము. ఊరూర సారాయి సులభముగా దొరకున ట్లేర్పాటు చేసి, దానికి వారుణివాహిని యని సంస్కృతనామము పెట్టి, పాటలు నిర్వహించి యాదాయము గైకొనుచుండినదియు నా ప్రభుత్వమే. స్త్రీలు పాఠము నెదిరింపలేదు. దానిని వ్రాయించినవారికంటె నధికముగా నమ్మిరి. ప్రభుత్వము కుడిచేత వ్రాసినదానిని జూపి యెడమచేత నమ్ముదానిని నిలువరించిరి. నెల్లూరు జిల్లాలో సారాయిపాటలు పలుమాఱులు వాయిదాపడినవి.

పత్రిక వచ్చినది దీని తరువాత. 1992లో ఈనాడు పుటలకుఁ బుటలు సారాయి పోరాటమునకుఁ గేటాయించెను. జిల్లా యనుబంధములచేత నొక యూరి వార్త పొరుగూరికి మఱునాఁడే తెలిసెను. ఈ సేవ స్వల్పము గాదు. రాత్రిబడిలోని మాట తన జిల్లాను దాఁటి పోవుటకు వేఱు దారి లేదు. కాని చర్చనీయాంశమును నిర్ణయించినది పత్రిక యనుట కాలక్రమమునకే విరుద్ధము. అంశమును నిర్ణయించినవారు స్త్రీలు. పత్రికకు దానిని వారే యందించిరి. హైదరాబాదునందలి అన్వేషి స్త్రీపరిశోధనసంస్థవారు 1993లోఁ బ్రకటించిన వ్యాసమున గ్రామస్త్రీల కర్తృత్వమునే ముందు నిలిపిరి. పత్రిక చేసిన వేఱొక పని యుఁ గలదు, దానిని గూర్చి యంతగాఁ జర్చ జరుగలేదు. పలుగ్రామములందు వేర్వేఱుగా జరిగిన పోరాటములకు దూబగుంట యను నొక్కపేరును, రోశమ్మ యను నొక్కముఖమును నిచ్చినది. వార్తకుఁ బేరు గావలెను. ఉద్యమమునకుఁ దప్పనిసరి గాదు. పత్రికల సంపుటములు గ్రంథాలయములలో బైండు చేయఁబడి యుండును. రాత్రిబడిలోఁ బలికిన మాట లెవరును వ్రాసికొనలేదు. రాఁబోవు పరిశోధకుఁడు సంపుటములు తిరుగవేసి ఉద్యమమునకు నాంది 1992 నాఁటి పత్రికలోనే యున్నదని నిర్ణయించినచో, భక్తప్రహ్లాద తేదిని సవరించిన సాధనమే యిచట వానిని దారి తప్పించినదగును.

స్త్రీలు మొదట నడిగినది తమ యూరిలో సారాయి దుకాణ ముండరాదని. ఆ కోరిక రాజకీయపక్షముల చేతఁబడి, పత్రికలలో విస్తరించి, సంపూర్ణ మద్యనిషేధమను నెన్నికవాగ్దానమయ్యెను. 1994లో మఱల గెలిచిన రామారావు 1995 జనవరి 16వ తేది నుండి దాని నమలు జరిపెను. 1997లో ఆ సంపూర్ణనిషేధము సడలింపఁబడెను. 1993 నాఁటి సారాయి నిషేధమును మాత్ర మప్పుడు దొలఁగింపలేదు.